పడవపై జనరేటరు: ఎన్నిక, వాడుక, జాగ్రత్త

(కోనసీమ గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఒకవైపు గౌతమి, మరొకవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన బంగాళాఖాతము. ఈ నీటి నడుమ నున్న సీమ మనది. ఎదుర్లంక వద్దను, దిండి వద్దను, బోడసకుర్రు వద్దను వంతెనలు వచ్చిన పిదప పడవ ప్రయాణము తగ్గినది, కాని తీరిపోలేదు. కోటిపల్లి-ముక్తేశ్వరము రేవునను, సఖినేటిపల్లి-నరసాపురము రేవునను పంటులు జనమును, బండ్లను దాటించుచునే ఉన్నవి. వరద వచ్చినచో ఊడిమూడిలంక, జి. పెదపూడిలంక, బూరుగులంక వంటి గ్రామములకు పడవయే దారి. చాకలిపాలెము నుండి కనకాయలంకకు పోవు కాజ్‌వే మునిగిననాడును అంతే. ఓడలరేవు, అంతర్వేది, పల్లము మొదలగు తీరగ్రామములలో అనేక కుటుంబములకు పడవయే పొలము.

ఈ పడవలలోనికి మన కాలమున ఒక యంత్రము ఎక్కినది. అదియే చేతితో మోయదగిన చిన్న జనరేటరు. వరదనాడు లంకలకు దీపము, ఫోనుల చార్జింగు, మంచినీటి మోటారు దానివలననే నడచుచున్నవి. తెప్పోత్సవమునాడు దేవుని తెప్పపై దీపములు దానివలననే వెలుగుచున్నవి. విహారపు పడవలలో ఫంకాలు, పాటల పెట్టెలు దానితోనే తిరుగుచున్నవి. ఉపయోగము చాల ఉన్నది. అందుచేతనే దానిని గురించి నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినది.

పెరటిలో పనిచేసినట్లే యంత్రము పడవలోను పనిచేయునని సామాన్యముగా అందరి తలంపు. పెరటిలో యంత్రము చుట్టును ధారాళమైన గాలి ఉన్నది; క్రింద నేల ఉన్నది; ప్రమాదము వచ్చినచో తొలగిపోవుటకు చోటున్నది. పడవలో గాలి తిరుగుటకు వీలు తక్కువ, నేల లేదు, తొలగిపోవుటకు చోటు అసలే లేదు. పడవపై జనరేటరు విషయమున చెప్పవలసినదంతయు ఈ మూడింటి నుండియే వచ్చుచున్నది.

ఏరు పొంగక మునుపే

1986 ఆగస్టు వరదను పెద్దలు మరువలేదు. అప్పుడు భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో అచట 71.3 అడుగులకు వచ్చినది. ధవళేశ్వరము బ్యారేజి నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు క్రిందికి పారినది. అట్టి దినములలో లంకలకు కరెంటు ఉండదు. జనరేటరును పడవలో చేర్చవలసినదే. చీకటి, వాన, తొందర. దించి నడుపుటకు ఓపిక చాలక పడవలోననే త్రాడు లాగి నడుపుటయు జరుగవచ్చును. ఆ సమయమున జాగ్రత్తలు నేర్చుకొనుటకు వ్యవధి ఉండదు. నేర్చుకొనవలసినది వేసవిలో, ఆచరింపవలసినది వరదలో.

కంటికి కనబడని విషము

జనరేటరు గొట్టము నుండి వెలువడు పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు ఉన్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్ను మండదు, దగ్గు రాదు. మన రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకొనును. దానితో రక్తము శరీరమంతట ప్రాణవాయువును మోయజాలక పోవును. ఊపిరి ఆడుచునే ఉండును; మనిషి మాత్రము లోలోపల ఉక్కిరిబిక్కిరియై పడిపోవును. యంత్రము క్రొత్తదైనను, పొగ కనబడకపోయినను పెట్రోలు ఇంజను నుండి ఈ వాయువు వచ్చుచునే ఉండును. డీజిలు ఇంజను నుండి తక్కువగా వచ్చును. కాని రాకుండ ఉండదు.

దీని గురుతులు తలనొప్పి, తల తిరుగుడు, వికారము, కాళ్లు తేలిపోవుట, మగత. ఇట్టివి పడవలో కలిగినప్పుడు నీటి ప్రయాణము పడలేదని అనుకొందురు. ఉత్సవమునాడైనచో ఎండ దెబ్బ యనుకొందురు. విహారయాత్రలో త్రాగిన మత్తు అనుకొందురు. మూలకు పోయి పడుకొనుమని సలహా చెప్పుదురు. ఆ మూలనే పొగ చేరియుండిన ఏమగునో ఊహింపుడు. నిద్రించుచున్న వానికి ఈ గురుతులును తెలియవు. ఒకే పడవలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొప్పి పుట్టినచో అది ప్రయాణపు వికారము కాదు, గాలి చెడినదని గ్రహింపవలెను.

పడవ పైకప్పు లేనిది, చుట్టును నది, ఇక భయమేమని కొందరు అడుగవచ్చును. 2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్ అను జలాశయమున ఒక ఇంటిపడవ వెనుక ఈదుచున్న ఇద్దరు బాలురు, తోడబుట్టినవారు, ఈ వాయువు సోకి నీట మునిగి మరణించిరి. జనరేటరు పొగ పడవ వెనుకనున్న బల్ల క్రింది ఖాళీలోనికి వెలువడుచుండెను. ఆ ఖాళీలో చేరిన వాయువే వారి ప్రాణములు తీసినది. అది బయటి ప్రదేశము. నాలుగు ప్రక్కల నీరే. అయినను పొగకు నిలువ నీడ దొరికినంతనే అది నిలిచినది. మన పడవలలో టార్పాలిను కప్పిన భాగము, తాటాకు గూడు, బల్లల క్రింది చోటు, తెరలు దించిన గది, ఇవన్నియు అట్టి నీడలే.

కదలుచున్న పడవలో మరియొక చిక్కు ఉన్నది. దుమ్ము దారిలో పోవు బస్సులో వెనుక సీటున కూర్చున్నవాని మీదికే దుమ్ము వచ్చును గదా! పడవ ముందుకు సాగునప్పుడు వెనుకనున్న గాలి అదే విధముగా లోనికి తిరిగివచ్చును. కావున వెనుక అమరమున పెట్టిన జనరేటరు పొగ వెనుకకే పోవునని నమ్మరాదు.

ఇంటికి కనీసము 20 అడుగుల దూరమున, పొగగొట్టము ఇంటికి ఎదురుగా కాక అవతలికి ఉండునట్లు జనరేటరును పెట్టవలెనని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ చెప్పుచున్నది. మన చిన్న పడవల పొడవే ఇరువది, ముప్పది అడుగులు. అట్టి పడవలో పొగ చేరని మూల అనునది లేనే లేదు. కావున మొదటి సూత్రమును మేము ఈ విధముగా చెప్పుచున్నాము: పడవలో మోయుడు, గట్టున నడుపుడు. జనము ఎక్కిన చిన్న పడవలో మోయదగిన జనరేటరును నడుపకుండుటయే మేలు.

గిన్నెలో చేరు ఆవిరి

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పెరటిలో ఒలికినది గాలికి చెదరిపోవును. పడవ గిన్నె వంటిది. ఒలికిన పెట్రోలు, దాని ఆవిరి పడవ అడుగున చేరి అచటనే ఉండును. ఒక బీడీ, ఒక స్విచ్చి నిప్పురవ్వ, వేడెక్కిన పొగగొట్టము చాలును. చేరిన వాయువునకు నిప్పు సోకినచో ఏమగునో కోనసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలము నగరము గ్రామమున పైపులైను నుండి కారి పరచుకొనిన గ్యాసునకు నిప్పు తగిలి ఎన్ని ఇండ్లు బూడిదయైనవో, ఎందరు పోయిరో మనమెరుగుదుము. పడవలో చేరు ఆవిరి దానితో పోల్చిన ఎంతో స్వల్పము. కాని పడవయు స్వల్పమే. పరుగెత్తుటకు వీధి లేదు.

2018 మే నెలలో దేవీపట్నము వద్ద పాపికొండల యాత్రకు పోవుచున్న ఒక బోటు గోదావరిలో మంటల పాలైనది. యాత్రికులు ప్రాణములతో బయటపడిరి. విద్యుత్ తీగల షార్ట్ సర్క్యూటు కారణమని అప్పటి పత్రికలలో వచ్చినది. నీటిపైన మంట పుట్టినప్పుడు చుట్టును ఎంత నీరున్నను అది వెంటనే అక్కరకు రాదని ఆ సంఘటన చూపినది. పెట్రోలు మంటపై నీరు చల్లినచో పెట్రోలు నీటిపై తేలి మంటను ఇంకను పరచును. దానికి కావలసినది పొడి చిమ్ము అగ్నిమాపక సాధనము, పొడి ఇసుక.

కావున ఈ నియమములు పాటింపవలెను. జనరేటరును గట్టుకు దించిన తరువాతనే పెట్రోలు పోయవలెను. యంత్రమును ఆపి, పదిహేను నిమిషములు చల్లారనిచ్చి, పిదప మూత తీయవలెను. నిండుగ పోయక పైన కొంత ఖాళీ ఉంచవలెను. ఎండకు పెట్రోలు వ్యాకోచించును. సీసాలలోను, నీళ్ల డబ్బాలలోను పెట్రోలు తీసుకొని పోరాదు. గట్టిగా మూత బిగియు ఇంధనపు డబ్బాలోనే ఉంచి, దానిని గాలి తగులు చోట నీడపట్టున కట్టవలెను. పడవ అడుగున, గదిలో, వంట చేయు చోట ఉంచరాదు. మోసుకొని పోవునప్పుడు జనరేటరు ఇంధనపు కుళాయిని మూసి, మూతకు గాలి రంధ్రమున్నచో దానిని బిగింపవలెను.

నీరు, విద్యుత్తు

మూడవ ప్రమాదము విద్యుత్తు. చిన్న జనరేటరు ఇచ్చు 230 వోల్టులును ఇంటి కరెంటు వలెనే ప్రాణము తీయును. చెమటతోను నీటితోను తడిసిన శరీరము, తడి బల్ల, చిల్లు పడిన తీగ, ఈ మూడును పడవలో ఎప్పుడును కలిసియుండును. ఇంటిలో ఎర్తు ఉన్నది. పడవలో ఎర్తు కడ్డీ పాతుటకు నేల లేదు. పైగా అనేక చిన్న జనరేటర్లలో న్యూట్రలు తీగ యంత్రపు చట్రమునకు కలుపబడి ఉండదు. అట్టి యంత్రమునకు ఆర్.సి.సి.బి. అను రక్షణ స్విచ్చి తగిలించినను అది అవసరమునకు పనిచేయక పోవచ్చును. 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చి తప్పక ఉండవలెను. అది నిజముగా పనిచేయునట్లు కలుపులను లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత సరిచూపించుకొనవలెను. స్విచ్చిపైనున్న పరీక్ష మీటను ప్రతిసారి వాడుకకు ముందు నొక్కి చూడవలెను.

కరెంటు నీటిలోనికి జారినచో ఈదువారికి కూడ అపాయమే. వరదలో గోదావరి నీరు మంచినీరు. ఉప్పునీటికంటె మనిషి శరీరము విద్యుత్తును ఎక్కువగా లాగుకొనునది మంచినీటిలోనే. ఏలయన ఉప్పునీరు తానే విద్యుత్తును సులభముగా పోనిచ్చును, మంచినీరు అంతగా పోనీయదు. కొద్దిపాటి కరెంటు సోకినను చేతులు కాళ్లు స్వాధీనము తప్పి ఈతగాడు మునిగిపోవును. అందుచే జనరేటరు నడచుచున్నప్పుడు పడవ ప్రక్కను స్నానము చేయుట, నీటిలో దిగి పడవను నెట్టుట తగదు. అతుకుల తీగలను నీటిపైన వ్రేలాడదీయరాదు. గట్టి రబ్బరు తొడుగు గల మూడు తీగల కేబులునే వాడవలెను.

మరియొక మాట. వరద తీసిన తరువాత జనరేటరు తీగను ఇంటి ప్లగ్గులో గ్రుచ్చి ఇల్లంతయు వెలిగించుకొను పద్ధతి కొన్ని చోట్ల ఉన్నది. ఆ కరెంటు మీటరు దాటి స్తంభముల తీగలకు ఎక్కును. ట్రాన్సుఫార్మరు దానిని వేల వోల్టులుగా పెంచును. లైను చచ్చినదని నమ్మి స్తంభమెక్కిన లైనుమాను ప్రాణము అచటనే పోవును. మార్పు స్విచ్చి లేనిదే జనరేటరును ఇంటి వైరింగునకు కలుపనీయరాదు.

ముందు లెక్క, పిదప కొనుగోలు

అంగడికి పోవుటకు ముందు కాగితముపై లెక్క వ్రాయవలెను. ఒక వరద సహాయ కేంద్రమును తీసికొందము. 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు 10: 100 వాట్లు. ఒకేసారి 20 ఫోనుల చార్జింగు: సుమారు 200 వాట్లు. మైకు సెట్టు: 200 వాట్లు. మొత్తము 500 వాట్లు. దీనికి 1 కె.వి.ఎ. జనరేటరు చాలును. కె.వి.ఎ. అంకెను సాధారణముగా 0.8 చే గుణించిన కిలోవాట్లు వచ్చును, 1 కె.వి.ఎ. అనగా 800 వాట్లు. 500 వాట్లు దానిలో మూడింట రెండు వంతుల లోపు. ఇది ఆరోగ్యమైన భారము.

ఇప్పుడు దీనికి 1 హార్సుపవరు నీటి మోటారును చేర్తుము. అది నడచునప్పుడు సుమారు 1000 వాట్లు లాగును. కాని తిరుగుట ప్రారంభించు క్షణమున అంతకు మూడు రెట్లు, అనగా 3000 వాట్లు కోరవచ్చును. పై 500 కలిపిన 3500. దీనిని 0.8 చే భాగించిన 4.4 కె.వి.ఎ. అనగా 5 కె.వి.ఎ. యంత్రము కావలెను. చూచితిరా! మోటారొక్కటి చేరగానే 1 కె.వి.ఎ. చాలు చోట 5 కె.వి.ఎ. యంత్రము అవసరమైనది. చిన్నది ఒక మనిషి మోయగలడు. 5 కె.వి.ఎ. యంత్రమును దించుటకు పడవలో నలుగురు నిలువబడవలెను. ఆ నలుగురు ఒకే వైపు వంగినచో పడవ ఒరుగును. కావున నీటికి ఇంజనుతో తిరుగు పంపును గట్టుననే వేరుగ ఉంచుకొని, దీపములకు చిన్న జనరేటరు తెచ్చుకొనుట సుఖము.

కొనునప్పుడు చూడవలసినవి ఇవి. పెట్టెపై పెద్ద అక్షరములతో వ్రాసినది క్షణకాలపు గరిష్ఠ శక్తి కావచ్చును. ఎడతెగక ఇచ్చు శక్తి ఎంతయో అడిగి తెలిసికొనవలెను. ఫోనులకు, రేడియో సెట్లకు ఇన్వర్టరు రకము జనరేటరు మేలైనది. దాని కరెంటు ఒడుదొడుకులు లేక నిలుకడగా వచ్చును, బరువును చప్పుడును తక్కువ. నూనె తగ్గినచో తానే ఆగు ఏర్పాటు, భారము మించినచో తెగు స్విచ్చి, ఇంధనపు కుళాయి, పొగగొట్టమునకు నిప్పురవ్వలను ఆపు జల్లెడ ఉండవలెను. కార్బన్ మోనాక్సైడు మించినచో తానే ఆగిపోవు ఏర్పాటు కొన్ని క్రొత్త రకములలో ఉన్నది. అది మంచిదే, కాని గదిలో నడుపుటకు అనుమతి కాదు. విడిభాగములు, మరమ్మతు అమలాపురములోనో రాజోలులోనో దొరకునా యని కూడ విచారింపవలెను. తీరపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పట్టును. ఏడాదికొకసారి వరదలో మాత్రమే తీయు యంత్రము అప్పుడు నడువదు. నెలకొకసారి గట్టున పావుగంట నడిపి, పాత పెట్రోలును తీసివేయుచుండవలెను.

జనరేటరు లేకయే

కొన్నిచోట్ల అసలు జనరేటరు అక్కరలేదు. తెప్పోత్సవపు లెక్క చూడుడు. 10 వాట్ల దీపములు 8, చిన్న మైకు 100 వాట్లు. మొత్తము 180 వాట్లు. 5 గంటలకు 900 వాట్-గంటలు. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1800 వాట్-గంటలు ఉండును. సీసపు బ్యాటరీని సగము వరకే వాడుట మంచిదనుకొన్నను 900 వచ్చును. రెండు బ్యాటరీలు ఉంచినచో నిశ్చింత. పొగ లేదు, పెట్రోలు లేదు, చప్పుడు లేదు. మేళము, మంత్రము చక్కగా వినబడును. అంతర్వేది కల్యాణోత్సవముల ముగింపున జరుగు తెప్పోత్సవము వంటి వేడుకలకు జనము కిక్కిరియుదురు. దేవుని తెప్పపై బ్యాటరీ దీపములు, గట్టున దూరముగా జనరేటరుతో పెద్ద దీపములు, ఈ ఏర్పాటు అన్నివిధముల తగినది. బ్యాటరీని గట్టున గాలి ఆడు చోట చార్జి చేసి, కొనలు కప్పి, దగ్గరనే ఫ్యూజు వేసి, దొర్లకుండ కట్టవలెను.

ఇతర రాష్ట్రములలో ఇంకను ముందుకు పోయిన ఉదాహరణము ఉన్నది. కేరళలో వైక్కము-తవణక్కడవు రేవున 75 మంది ప్రయాణికులను మోయు 'ఆదిత్య' అను సౌరశక్తి పడవ 2017లో నీటికి దిగినది. మన రేవులకు అంతటి పడవ వెంటనే రాకపోయినను, చిన్న సౌరఫలకము, బ్యాటరీ, నాలుగు దీపములు అందరాని వస్తువులు కావు.

తప్పక నడుపవలసినచో

పెద్ద పంటుపైనో, పర్యాటకుల పడవపైనో జనరేటరు తప్పనిసరియైనచో శాశ్వతముగా బిగించిన, పడవలకొరకే చేసిన యంత్రమును, పొగను జనమునకు దూరముగా బయటికి పంపు గొట్టముతో అమర్పవలెను. మోయదగిన యంత్రమును తాత్కాలికముగా ఉంచక తప్పనిచో పైకప్పు లేని బల్లపై, జనమునకు వీలైనంత దూరమున, గాలి వీచు దిక్కునకు దిగువన, గొట్టము బయటికి ఉండునట్లు పెట్టి, నాలుగు మూలల త్రాళ్లతో బిగింపవలెను. పైకప్పు మీద బరువు పెట్టినచో పడవ నిలుకడ తగ్గి, కెరటమునకు ఒరిగిపోవును. కావున పైన కట్టరాదు. గూటిలోను, తెరల చాటునను, వంటచోటునను పెట్టరాదు. గాలి దిక్కు మారినప్పుడు, పడవ లంగరు వేసినప్పుడు, జనము నిద్రించునప్పుడు యంత్రమును ఆపవలెను. జనము కూర్చుండు చోటను, పడుకొను చోటను బ్యాటరీతో నడుచు కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక గంట ఉండవలెను. అందరికి లైఫ్ జాకెట్లు ఉండవలెను. పెట్టెలో కాదు, ఒంటిపైన. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదము తరువాత ఈ మాటకు వేరు వ్యాఖ్య అక్కరలేదు.

మత్స్యకార సోదరులకు ఒక విజ్ఞప్తి. జనరేటరుతో బలమైన దీపములు వెలిగించి చేపలను ఆకర్షించి పట్టు పద్ధతిని కేంద్ర ప్రభుత్వము 2017 నవంబరులో మన దేశపు ప్రత్యేక ఆర్థిక జలములలో నిషేధించినది. చిన్న చేపలు, పిల్ల చేపలు కూడ దీపమునకు చేరి వలలో పడుటచే రేపటి పంట నేడే పోవును. కావున ఆ పనికి జనరేటరు కొనుట ధన నష్టము, చట్ట విరోధము కూడ.

ఎవరైన పడిపోయినచో

మొదట జనరేటరును ఆపుడు. మనిషిని తాజా గాలికి తెండు. గూటిలో పడియున్నవాని కొరకు ఒకరి వెనుక ఒకరు లోనికి దూరి అందరును పడిపోరాదు. తెరలు, తలుపులు తెరచి గాలి ఆడనిచ్చి, త్వరగా బయటికి లాగవలెను. ఊపిరి లేనిచో, నేర్చినవారు గుండె నొక్కుటను, ఊపిరి ఊదుటను ప్రారంభింపవలెను. 108కి ఫోను చేసి, ఆసుపత్రిలో వైద్యునకు 'జనరేటరు పొగ సోకినది' అని స్పష్టముగా చెప్పవలెను. చికిత్స ప్రాణవాయువు. మామూలు గాలిలో ఈ విషము రక్తములో సగమునకు తగ్గుటకు 4, 5 గంటలు పట్టును. ప్రాణవాయువు పట్టించిన గంట, గంటన్నరలో తగ్గును. కోవిడు కాలమునుండి వ్రేలికి తొడుగు ఆక్సీమీటరు ప్రతి ఊరను ఉన్నది. ఈ విషయమున దానిని నమ్మరాదు. విషవాయువుతో నిండిన రక్తమును కూడ అది మంచి రక్తముగానే చూపును. 98 వచ్చినది గదా యని రోగిని ఇంటికి పంపుట ప్రమాదము. తేరుకొనినట్లు కనబడినను ఆసుపత్రికి చేర్పవలెను.

కరెంటు తగిలినవానిని ముట్టుకొనుటకు ముందు జనరేటరు ఆపవలెను. మంట పుట్టినచో పడవను గట్టుకు త్రిప్పుచు, ఇంధనపు కుళాయి మూసి, పొడి సాధనమును మంట మొదటిపై చిమ్మవలెను.

పంచాయతీ చేయదగినది

పడవల నమోదు, తనిఖీ సంబంధిత శాఖల పని. 1917 నాటి దేశీయ నౌకల చట్టమునకు బదులు 2021లో క్రొత్త చట్టము చేయబడి, 2022లో అమలులోనికి వచ్చినది. అంతమాత్రమున పంచాయతీకి పని లేదని కాదు. రేవు మన ఊరిది. పడవ ఎక్కువారు మన వారు.

రేవుల పాట మన పంచాయతీరాజ్ సంస్థలకు పరిచితమైన విషయము. పాట షరతులలో ఒకటి చేర్చవచ్చును: జనము ఎక్కియున్న పడవలో పెట్రోలు పోయరాదు, మోయదగిన జనరేటరు నడుపరాదు, పొడి అగ్నిమాపక సాధనము, లైఫ్ జాకెట్లు ఉండవలెను అని. తెప్పోత్సవమునకు ముందు ఆలయ నిర్వాహకులతో కూర్చుండి బ్యాటరీ దీపముల ఏర్పాటు మాటలాడవచ్చును. పంచాయతీ ధనముతో జనరేటరు కొనునప్పుడు పైన చెప్పిన లెక్కను తీర్మానముతో పాటు జతపరచవచ్చును; అప్పుడు పెద్ద యంత్రము కొని మూలబెట్టు అవస్థ తప్పును. ప్రతి యంత్రమునకు ఒక బాధ్యుని నియమించి, నడిపిన తేదీ, పోసిన పెట్రోలు, చేసిన మరమ్మతు ఒక పుస్తకమున వ్రాయించవచ్చును. వరదకాలమునకు ముందు, జూన్ నెలలో, పడవ నడుపువారిని, ఎలక్ట్రీషియనును, ఆశా కార్యకర్తను పిలిచి ఒక పూట అభ్యాసము చేయించవచ్చును.

ఇన్నేండ్లుగా నడుపుచున్నాము, ఏమియు కాలేదు గదా యని సరంగులు అనవచ్చును. గాలి వారి పక్షమున వీచినంతకాలము ఏమియు కాదు. గాలి మారు రోజు ముందుగా చెప్పి రాదు. పేద పడవవానికి ఈ సామగ్రి కొనుట భారమనియు అనవచ్చును. ఆ మాట నిజము. అందుచేతనే అగ్నిమాపక సాధనము, హెచ్చరిక గంట, బ్యాటరీ దీపములు పంచాయతీ కొని రేవున ఉంచి అవసరమునకు ఇచ్చునట్లు యోచింపవలెనని కోరుచున్నాము. ఒకరు కొనలేనిది ఊరు కొనగలదు.

సభ్యులారా! చీకటిలో లంకకు వెలుగు తెచ్చువాడు చల్లగా ఇంటికి తిరిగి రావలెను. మీరు ఊరికి పోయిన తరువాత రానున్న సమావేశపు అజెండాలో 'పడవలపై జనరేటరు' అను ఒక పంక్తి చేర్చుడు. మీ రేవున ఎన్ని పడవలున్నవి, ఎన్నింటిలో జనరేటరు ఎక్కుచున్నది, దానిని ఎచట పెట్టుచున్నారు, పెట్రోలు ఎచట పోయుచున్నారు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనుడు. ఆ కాగితముతోనే పని మొదలగును.